చలికాలంలో చూపించిన హోమ్‌బిల్ట్ విమానం కొనేముందు ఇది చదవండి

అమెరికాలో పైలట్ లైసెన్స్ తెచ్చుకుని సొంతంగా ఓ చిన్న విమానం కొందామనుకునే మనవాళ్లు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. కొత్త ఫ్యాక్టరీ విమానం ధర వింటే కళ్లు తిరుగుతాయి కాబట్టి, ఎవరో గరాజ్‌లో కట్టుకుని కొన్నేళ్లు నడిపి అమ్మకానికి పెట్టిన హోమ్‌బిల్ట్‌ల మీదకే చూపు పోతుంది. నేను కొన్నదీ అలాంటిదే. రెండు సీట్ల అల్యూమినియం విమానం, లైకమింగ్ ఓ-320 ఇంజన్. ఎగరడానికి ఏ వంకా లేదు. ఇంజన్ వేడి దగ్గర మాత్రం అమ్మినాయన నన్ను నిలువునా ముంచాడు. అది ఎలా జరిగిందో తెలిస్తే మీ డబ్బులు మిగులుతాయని రాస్తున్నాను.

ఆయన ఉండేది ఉత్తరాన మిన్నెసోటాలో. జనవరిలో, బయట 20 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్న పొద్దున విమానం చూపించాడు. పైకి ఎక్కేటప్పుడు అన్నిటికన్నా వేడిగా ఉన్న సిలిండర్ హెడ్ (సిలిండర్ పై భాగం) 360 డిగ్రీల ఫారన్‌హీట్ చూపించింది. "ఈ ఇంజన్ ఎప్పుడూ చల్లగానే ఉంటుంది" అన్నాడు. ఆ పొద్దున చూస్తే నిజమే మరి. కానీ గాలితో చల్లబడే ఇంజన్‌లో బయటి వేడి ఎంత పెరిగితే హెడ్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. అదే విమానాన్ని టెక్సస్‌కి తెచ్చి, 100 డిగ్రీల ఎండలో ఎక్కిస్తే ఏమవ్వాలి? 440 అవ్వాలి. అయింది. మూడో సిలిండర్ 440 దాటి ఇంకా పెరుగుతుంటే ముక్కు దించి, వేగం పెంచి, పవర్ తగ్గించి ఎలాగో చల్లార్చుకుని దిగాను. ఆ రోజు పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఈ అంకెలు కొత్తవాళ్లకు అర్థం కావాలంటే ఒక మాట చెప్పాలి. లైకమింగ్ పెట్టిన గరిష్ఠ హద్దు 500 డిగ్రీలు, అంటే 260 సెల్సియస్. కానీ ఇంజన్ ఎక్కువ కాలం మన్నాలంటే 435 లోపే నడపమని ఆ కంపెనీయే చెబుతుంది. అనుభవం ఉన్న ఓనర్లు చాలామంది 400 దగ్గరే గీత గీసుకుంటారు, ఎందుకంటే వేడి పెరిగేకొద్దీ అల్యూమినియం హెడ్ బలం తగ్గుతుంది, ఎగ్జాస్ట్ వాల్వ్ (కాలిన గాలిని బయటికి వదిలేది), అది కదిలే గైడ్ గొట్టం త్వరగా అరుగుతాయి. ఇక అమ్మినాయన చేసిన పని చూడండి. ఇంజన్ మానిటర్‌లో అలారం ఎక్కడ మోగాలో మనమే సెట్ చేసుకోవచ్చు కదా, దాన్ని సరిగ్గా 500 మీద పెట్టాడు. అంటే 490కి వెళ్లినా స్క్రీన్ నోరు మెదపదు. పాత ఫ్లైట్ల డేటా మొత్తం చెరిపేసి ఉంది. ఇదంతా యథాలాపంగా జరిగిందంటే నేను నమ్మను.

ఫోన్ చేస్తే మొదట "పిస్టన్ రింగులు ఇంకా సెట్ అవుతున్నాయి, తగ్గిపోతుంది" అన్నాడు. కొత్త సిలిండర్లు మొదట్లో కొంచెం వేడిగా నడిచే మాట నిజమే, అది కొద్ది గంటల ముచ్చట. వందల గంటలు తిరిగిన ఇంజన్‌కి ఆ సాకు చెల్లదు. తర్వాత "ప్రోబ్ (వేడి కొలిచే సెన్సర్) తప్పు చూపిస్తోంది" అన్నాడు. దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. మూడో సిలిండర్ ప్రోబ్‌ని ఇంకో సిలిండర్‌కి, దానిది దీనికి మార్చి ఎగరండి. పెద్ద అంకె ప్రోబ్‌తో పాటు కదిలితే ప్రోబ్‌దే తప్పు. ఆ సిలిండర్‌నే అంటిపెట్టుకుంటే వేడి నిజం. నా విమానంలో అంటిపెట్టుకునే ఉంది. ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు.

అసలు జబ్బు ఏంటంటే, ముందు రెండు రంధ్రాల్లోంచి వచ్చే గాలి ఇంజన్ పైన ఒత్తిడిగా నిలబడి, సిలిండర్ ఫిన్స్ (వేడి వదలడానికి సిలిండర్ చుట్టూ ఉండే పలుచని రెక్కలు) సందుల్లోంచి కిందికి దిగి, కింద కౌలింగ్ (ఇంజన్‌ని కప్పి ఉంచే తొడుగు) వెనక నుంచి బయటికి పోవాలి. ఆ గాలికి వేరే దారి దొరక్కుండా కట్టడి చేసేవి చుట్టూ ఉండే రేకు బ్యాఫిల్స్, వాటి అంచున ఉండే సిలికాన్ రబ్బరు సీల్స్. ఎక్కడ సందు ఉన్నా గాలి ఫిన్స్ వైపు వెళ్లకుండా అటే పోతుంది, చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. నా విమానంలో వెనక వైపు సీల్ లోపలికి వంగాల్సింది బయటికి వంగి ఉంది. లోపలికి వంగితే గాలి ఒత్తిడే దాన్ని పై కౌలింగ్‌కి అదిమి పెడుతుంది. బయటికి వంగితే అదే గాలి దాన్ని తోసుకుని వెళ్లిపోతుంది. రేకుల మూలల్లో వేలు దూరే సందులున్నాయి. దానికి తోడు ఈ ఇంజన్లలో మూడో సిలిండర్ వెనక పక్క ఫిన్స్ లోతు చాలా తక్కువ. రేకు అక్కడ ఒత్తుకుపోతే గాలి అసలు దిగదు. తెలిసినవాళ్లు అక్కడ వాషర్లు పెట్టి రేకుని కొంచెం ఎడంగా జరుపుతారు. ఈ విమానంలో ఆ పని ఎవరూ చేయలేదు. ఫిన్స్ మధ్య పోతపోసినప్పుడు మిగిలిన లోహపు పొర కూడా అలాగే ఉండిపోయింది.

ఇవన్నీ కొనకముందే కనిపిస్తాయి, పై కౌలింగ్ విప్పి తిరగేసి చూస్తే చాలు. సీల్ తగిలిన చోట లోపల నల్లటి గీత పడుతుంది. ఆ గీత చుట్టూ తెగకుండా ఉండాలి. తెగిన ప్రతి చోటా గాలి కారుతోందని అర్థం. కౌలింగ్ పెట్టి ఉండగా ముందు రంధ్రంలోంచి టార్చి వేసి చూడండి, సీల్ ఎక్కడ మడతపడిందో తెలుస్తుంది. కింది కౌలింగ్ గాలి బయటికొచ్చే చోట తర్వాత అతికించిన పెదవి లాంటి రేకు, కొత్తగా కోసిన లూవర్లు (గాలి పోయే చీలికలు), వాటి మీద రంగు తేడా ఉన్నాయేమో కూడా చూడండి. అలాంటివి ఉంటే ఆ ఓనర్ వేడితో ఇంతకుముందే కుస్తీ పట్టాడన్నమాట. పట్టి గెలిచాడా లేదా అన్నది ఆయన నోటితో కాదు, డేటాతో చెప్పించాలి. కాబట్టి మానిటర్ రికార్డ్ చేసిన ఫైళ్లు అడగండి, అవి కూడా జూలై, ఆగస్టుల్లోవి, ఫుల్ పవర్‌తో ఎక్కినవి. చెరిపేశానంటే వచ్చే ఎండాకాలం దాకా ఆగండి, లేదంటే వదిలేయండి. ఇంకో విమానం దొరుకుతుంది.

వేడికి బ్యాఫిల్స్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. మాగ్నెటో (స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు ఇచ్చేది) టైమింగ్ ఇంజన్ డేటా ప్లేట్ మీద ఉన్నదానికన్నా ముందుకు జరిగి ఉన్నా, ఎక్కేటప్పుడు కార్బురేటర్ చాలినంత పెట్రోలు ఇవ్వకపోయినా అన్ని సిలిండర్లూ కలిసి వేడెక్కుతాయి. ఒక్కటే వేడెక్కితే ముందు ఆ సిలిండర్ చుట్టూ ఉన్న రేకులు చూడండి. హెడ్స్ బాగానే ఉండి ఆయిల్ మాత్రమే వేడెక్కితే కూలర్‌కి గాలి అందుతోందా, ఆయిల్‌ని కూలర్ వైపు మళ్లించే వెర్నాథర్మ్ పనిచేస్తోందా చూడాలి.

మధ్యలో ఇంకొకరి సంగతి. నేను విమానం చూపించిన ఒక ఇంజన్ షాపు బ్యాఫిల్స్ వైపు కన్నెత్తి చూడకుండా పెద్ద ఆయిల్ కూలర్, కొత్త సిలిండర్ అని ఎస్టిమేట్ చేతిలో పెట్టింది. నిజానికి బోరోస్కోప్‌లో (సిలిండర్ లోపలికి పంపి చూసే సన్నని కెమెరా) మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు ఒక పక్క కాలిన గుర్తులు కనిపించాయి, కాబట్టి ఆ సిలిండర్ విప్పక తప్పలేదు. కానీ సందులు మూయకుండా కొత్త సిలిండర్ బిగించి ఉంటే అదీ అలాగే కాలిపోయేది. కౌలింగ్ విప్పకుండానే ఎస్టిమేట్ రాసే షాపుకి దండం పెట్టి బయటికి రండి. చివరికి ఇంకో పెద్దాయన, పాత ఎయిర్‌లైన్ మెకానిక్, సీల్స్ మార్చి, సందులన్నీ సిలికాన్‌తో మూసి, వాషర్లు వేసి, ఫిన్స్ ఆకురాయితో శుభ్రం చేసి ఇచ్చాడు. ఇప్పుడు అదే ఎండలో ఎక్కేటప్పుడు 400 దాటడం లేదు. సామాన్ల ఖర్చు తక్కువే, వాల్వ్ పనికి మాత్రం వేల డాలర్లు వదిలాయి.

ఆ డబ్బు అమ్మినాయన నుంచి రాబట్టొచ్చు కదా అని అడుగుతారు. అమ్మకం కాగితంలో 'ఉన్నది ఉన్నట్టుగా' అని ఉంది. పైగా ఇది ఎక్స్‌పెరిమెంటల్ కేటగిరీ, ఫ్యాక్టరీ విమానానికి ఉండే టైప్ సర్టిఫికెట్ (డిజైన్‌కి ప్రభుత్వ ఆమోదం) దీనికి ఉండదు. లాయర్ ఫీజు నష్టాన్ని మించిపోతుందని తెలిసి ఊరుకున్నాను. ఇంకో సంగతి: ఏటా జరిగే కండిషన్ ఇన్‌స్పెక్షన్‌లో సంతకం పెట్టే రిపేర్‌మన్ సర్టిఫికెట్ కట్టినాయనకే ఉంటుంది, విమానంతో పాటు మీకు రాదు. మీరు మామూలుగా ఏ అండ్ పీ (ఎయిర్‌ఫ్రేమ్ అండ్ పవర్‌ప్లాంట్) లైసెన్స్ ఉన్న మెకానిక్‌ని వెతుక్కోవాల్సి వస్తుంది. హోమ్‌బిల్ట్‌లంటే మొహం తిప్పుకునే మెకానిక్‌లు చాలామంది, కాబట్టి కొనకముందే ఒకరిని మాట్లాడుకోండి. ప్రి-బై ఇన్‌స్పెక్షన్ (కొనేముందు చేయించే తనిఖీ) కూడా ఆయన చేతే చేయించండి, అమ్మేవాడి స్నేహితుడి చేత కాదు.

రోటాక్స్ 912 ఇంజన్ ఉన్న విమానాలు చూస్తున్నవాళ్లకు కథ కొంచెం వేరు. అందులో హెడ్స్ చల్లబడేది కూలెంట్ ద్రవంతో, సిలిండర్లు గాలితో. రేడియేటర్‌కి గాలి పోయే దారి, కూలెంట్ ఏ రకందో, ఓవర్‌ఫ్లో సీసా చుట్టూ మరకలున్నాయా అన్నవి చూడాలి. ఆ ఇంజన్‌కి రబ్బరు గొట్టాలన్నీ 5 ఏళ్లకోసారి మార్చమని కంపెనీ చెబుతుంది. ఎప్పుడు మార్చారో లాగ్‌బుక్‌లో తేదీతో చూపించమనండి. చూపించలేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తీసేసి బేరం మొదలుపెట్టండి.