తరవాణికి ప్లాస్టిక్ డబ్బా కొంటున్నారా? మూత చూసి మోసపోకండి, అడుగు చూడండి

ఈ ఎండలకు తరవాణి (పులియబెట్టిన గంజి) పెట్టుకునేవాళ్ళు, పిండి పులియబెట్టుకోవడానికి పెద్ద డబ్బాలు వెతికేవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. పోయిన వారం మా వంటింట్లో జరిగింది.

మా తరవాణి కుండకు బీట పడింది. ఈలోపు పనికొస్తుందని విజయవాడ వన్‌టౌన్‌లో ఓ ప్లాస్టిక్ సామాన్ల కొట్లో పది లీటర్ల డబ్బా కొన్నాను. గాజులా మెరుస్తుంది, కింద కుళాయి, పైన తిప్పే మూత. "వేడి గంజి పోస్తామండి, ఆగుతుందా?" అని రెండుసార్లు అడిగాను. "ఫుడ్ గ్రేడ్ అమ్మా, మరిగే నీళ్ళు పోసినా ఏం కాదు" అంటూ మూత తిరగేసి చూపించాడు. మూత లోపల త్రికోణంలో 5 అంకె. ఆ అంకె ప్లాస్టిక్ ఏ రకమో చెప్తుంది. 5 అంటే పాలీప్రొపిలీన్ అన్నమాట, అది వేడికి ఆగుతుందని నాకూ తెలుసు. 450 రూపాయలు ఇచ్చి తెచ్చుకున్నాను.

వాడేముందు శుభ్రం చేద్దామని నాలుగైదు లీటర్ల నీళ్ళు మరగబెట్టి అందులో పోశాను. అర నిమిషం కూడా పట్టలేదు. డబ్బా నడుం లోపలికి ముడుచుకుపోయింది, గోడలు అక్కడక్కడా పాలలా తెల్లబారాయి, అడుగు ఉబ్బి డబ్బా ఒక పక్కకు ఒరిగింది. కుళాయి బిగించిన రంధ్రం సాగిపోయి రబ్బరు వాషర్ ఊడొచ్చింది. మరిగే నీళ్ళన్నీ గట్టు మీంచి కిందికి! పక్కనే పీట మీద కూర్చుని కూర తరుగుతున్న అత్తయ్య కాళ్ళు వెనక్కి లాక్కున్నారు కాబట్టి సరిపోయింది. నా పాదం మీద రెండు బొబ్బలు లేచాయి.

తర్వాత డబ్బా బోర్లించి చూస్తే అడుగున చిన్నగా 1 అని ఉంది. అంటే పెట్, మంచినీళ్ళ సీసాల రకం. దాదాపు 70 డిగ్రీలు దాటితే అది మెత్తబడిపోతుంది. వార్చిన గంజి అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. మూత ఒక ప్లాస్టిక్, డబ్బా ఇంకో ప్లాస్టిక్. కొట్లో నేను చూసింది మూత ఒక్కటే.

ఫుడ్ గ్రేడ్ అంటే తినే వస్తువు పెట్టుకోవచ్చని మాత్రమే. ఎంత వేడికి ఆగుతుందనేది వేరే సంగతి. ఈ రెండూ ఒకటేనని మనలో చాలామంది అనుకుంటాం, అమ్మేవాళ్ళూ అలాగే చెప్తారు. 2 అంకె ఉన్న గట్టి తెల్ల బకెట్లు మరిగే నీళ్ళకు కరగవు గానీ మెత్తబడి పక్కలు ఉబ్బుతాయి, వేడి మీద ఎత్తితే చాలా ప్రమాదం. 5 అయితే కాస్త ధైర్యం, అదీ డబ్బా అడుగునే ఉండాలి. ఇంకోటి, గోడలకు వేసే రంగులు (పెయింట్) అయిపోయిన ఖాళీ డబ్బాలు కడిగి సగం ధరకు అమ్ముతుంటారు. అవి తినే వస్తువుల కోసం చేసినవి కావు. పులిసే పదార్థాలు అసలే పుల్లనివి, వాటిలో మాత్రం పెట్టకండి.

ఏ ప్లాస్టిక్ అయినా గంజిని ముందు స్టీలు గిన్నెలో చల్లార్చి, గోరువెచ్చగా అయ్యాకే పోయండి. లోపల పీచుతో గీకి తోమకండి, ఆ గీతల్లో పాత పులుపు, క్రిములు దాక్కుంటాయి. మేమైతే మళ్ళీ మట్టికుండే తెచ్చుకున్నాం.

డబ్బా పట్టుకుని కొట్టుకు వెళ్తే "వేడికి గ్యారంటీ లేదమ్మా" అన్నాడు. మొన్న మీరే కదా చెప్పారంటే జవాబు లేదు. బిల్లు అడిగి తీసుకోకపోవడం నా పొరపాటు. మీరు తప్పకుండా తీసుకోండి, తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. నేను బయటికి వచ్చేటప్పుడు కూడా అవే డబ్బాలు, అవే మూతలతో గుమ్మం పక్కన వరసగా పేర్చి ఉన్నాయి.