చిన్న విమానంలో విహారానికి డబ్బు కట్టే ముందు: తూకం వేయని సంస్థలతో జాగ్రత్త

చిన్న విమానాల్లో విహారానికి గానీ, చార్టర్ ప్రయాణానికి గానీ ముందుగా డబ్బు చెల్లించబోతున్న వారికి ఈ హెచ్చరిక. ప్రయాణికులనూ వారి సామానునూ తూచకుండా, నోటిమాటగా అడిగి బరువులు రాసుకునే సంస్థ ఏదైనా సరే, దాని విమానం ఎక్కవద్దు. మాకు తారసపడినది అటువంటి సంస్థే.

పైలట్‌తో కలిపి నలుగురు కూర్చునే ఒంటి ఇంజను విమానంలో మేమిద్దరం సీట్లు తీసుకున్నాం. బుకింగ్ సమయంలో బరువు సంగతి ఎవరూ ఎత్తలేదు. బయలుదేరే వేళకు కౌంటరులోని ఉద్యోగి మమ్మల్ని ఎగాదిగా చూసి, తనకు తోచిన అంకెలు కాగితం మీద వేసుకున్నారు. ట్యాంకులు నిండుగా నింపాక, మాకు ముందుగా చెప్పని మూడో ప్రయాణికుణ్ణి వెంటబెట్టుకొచ్చి, ఆయన బరువైన పెట్టెను వెనుక అరలోకి నెట్టారు. మొత్తం ఎంతయిందో లెక్క చూపించమని అడిగితే, "రోజూ ఇలాగే ఎగురుతున్నాం, ఏమీ కాదు" అన్నారు పైలట్. మేము ఎక్కలేదు. డబ్బు తిరిగి ఇవ్వడానికి సంస్థ ఒప్పుకోలేదు.

సీట్లు ఎన్ని ఉంటే అంతమందిని ఎక్కించవచ్చన్నది చాలామందికి ఉన్న అపోహ. విస్తృతంగా వాడుకలో ఉన్న నాలుగు సీట్ల చిన్న విమానం సెస్నా 172ఎస్‌నే తీసుకుంటే, దాని గరిష్ఠ టేకాఫ్ బరువు 1,157 కిలోలు. ఖాళీ విమానం బరువు తీసేస్తే మనుషులకు, సామానుకు, ఇంధనానికి కలిపి మిగిలేది సుమారు 400 కిలోలు. ట్యాంకులు నింపితే ఇంధనమే దాదాపు 145 కిలోలు తూగుతుంది. మిగిలిన 255 కిలోల్లో పైలట్‌తో కలిపి 80 కిలోల మనుషులు ముగ్గురికే చోటు. నాలుగో సీటు ఖాళీగా ఉండాలి, లేదా ఇంధనం తగ్గించాలి. పైగా ఒక్కో విమానం ఖాళీ బరువు ఒక్కో తీరుగా ఉంటుంది, అదనపు పరికరాలు బిగించిన కొద్దీ పెరుగుతుంది కూడా. కాబట్టి ఆ విమానానికి చెందిన బరువు పత్రమే ప్రమాణం, అదే మోడల్‌కు చెందిన మరో విమానం లెక్క పనికిరాదు.

బరువు పది శాతం పెరిగితే టేకాఫ్‌కు కావలసిన దూరం ఇంచుమించు ఇరవై శాతం పెరుగుతుంది. రెక్కలు గాలిలో పట్టు కోల్పోయే వేగం, అంటే స్టాల్ వేగం, సుమారు ఐదు శాతం పెరుగుతుంది. పైకి ఎక్కే శక్తి మాత్రం తగ్గుతుంది. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడూ, ఎత్తైన ప్రదేశాల్లోనూ గాలి పలచబడడం వల్ల ఈ నష్టాలు మరింత ముదురుతాయి. అందుకే చల్లని ఉదయం పొడవైన రన్‌వే మీద లేచిన అధిక బరువు విమానం, అంతే బరువుతో మధ్యాహ్నం చిన్న రన్‌వే చివర చెట్లను దాటలేకపోవచ్చు. పైలట్ చెప్పిన ఆ 'రోజూ' అన్న మాటకు విలువ లేకపోవడానికి కారణం ఇదే.

బరువు పరిమితిలోనే ఉన్నా, అది ఎక్కడ ఉందన్నది మరో ప్రశ్న. వెనుక అరలో బరువు పేరుకుంటే గురుత్వ కేంద్రం, అంటే విమానం మొత్తం బరువు సమతూగే బిందువు, వెనక్కి జరిగి, విమానం ముక్కు దానంతట అదే పైకి లేస్తుంది. ఒకసారి స్టాల్ అయితే ముక్కును కిందికి దించి కోలుకోవడం పైలట్‌కు అసాధ్యం కావచ్చు. 2001 ఆగస్టు 25న బహామాస్‌లోని మార్ష్ హార్బర్‌లో గాయని ఆలియాతో సహా తొమ్మిది మందిని బలిగొన్న సెస్నా 402బి, అనుమతించిన బరువును మించడమే కాక, గురుత్వ కేంద్రం కూడా వెనుక హద్దు దాటిన స్థితిలో టేకాఫ్ కాగానే కూలింది. 2013 జూలైలో అలాస్కాలోని సోల్డోట్నాలో పది మంది మరణించిన ఆటర్ విమాన ప్రమాదంలో, సరుకు అసలు బరువును సంస్థ నిర్ధారించుకోకపోవడమే మూలమని దర్యాప్తు తేల్చింది. తూకం వేసి ఉంటే తెలిసిపోయే విషయమది.

తూచే బదులు వాడే సగటు బరువు అంకెలనూ గుడ్డిగా నమ్మలేం. 2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్‌లో 21 మంది మరణించిన బీచ్‌క్రాఫ్ట్ 1900డి విమాన ప్రమాదానికి, ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక (ఎలివేటర్) కేబుళ్లను తప్పుగా సర్దడంతో పాటు గురుత్వ కేంద్రం హద్దు దాటడమూ కారణమైంది. వాడుకలో ఉన్న సగటు ప్రయాణికుడి బరువు వాస్తవం కంటే తక్కువని అప్పుడే బయటపడింది. ఇక నోటిమాట సంగతి చెప్పనక్కరలేదు: పదిమంది ముందు తన బరువు అడిగితే నిజం చెప్పేవారు అరుదు, బూట్లూ చేతిసంచీ కలిపి చెప్పేవారు అంతకన్నా అరుదు.

డబ్బు కట్టే ముందే ఆ సంస్థను కొన్ని విషయాలు రాతపూర్వకంగా అడగండి: మమ్మల్నీ సామానునూ తూస్తారా, ఆనాటి బరువు, గురుత్వ కేంద్రం లెక్కను చూపిస్తారా, చివరి నిమిషంలో మరొకరిని ఎక్కిస్తే లెక్క మళ్లీ వేస్తారా అని. బరువు ఎక్కువైతే ప్రయాణికుణ్ణో సామానునో దింపుతామని వారు చెబితే అది మంచి సూచనే, విసుక్కోకండి. రద్దు నిబంధనను కూడా పూర్తిగా చదవండి. మా రసీదులో ప్రయాణికుడు స్వయంగా వెనుదిరిగితే డబ్బు వాపసు లేదని ఉంది. భద్రతా కారణంతో నిరాకరించినా అదే వర్తిస్తుందని సంస్థ వాదిస్తోంది, మా లిఖిత ఫిర్యాదుకు ఇంకా జవాబు రాలేదు.