కలల కోసం స్లీప్ స్టడీ: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి దండగ

పీడకలలు వదలడం లేదనో, నిద్రలో అరుస్తున్నారని ఇంట్లోవాళ్లు హడలిపోయారనో స్లీప్ స్టడీకి (నిద్రలో శరీరం ఏం చేస్తుందో రికార్డు చేసే పరీక్షకి) వెళ్తున్నారా? హైదరాబాద్‌లో ఈ పేరుతో దొరికేది ఒకే పరీక్ష కాదు. ఆసుపత్రిలో రాత్రంతా పడుకోబెట్టి చేసేది ఒకటి. సాయంత్రం మనిషి ఇంటికొచ్చి చిన్న మెషిన్ కట్టి, పొద్దున్నే పట్టుకుపోయేది ఇంకొకటి. గురక సంగతి తేల్చడానికి చాలామందికి రెండోది సరిపోతుంది. కలల సంగతికి మాత్రం ఆ డబ్బు దండగే.

ఇంటికి పంపే మామూలు మెషిన్‌లో (దీన్ని లెవెల్ 3 అంటారు) ముక్కు దగ్గర ట్యూబు, ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు, అంతే. ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో లెక్క వస్తుంది కానీ, అప్పుడు మీరు ఏ నిద్రలో ఉన్నారో తెలియదు. రెప్పల కింద కళ్లు చకచకా కదిలే రెమ్ నిద్రను 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే శాస్త్రవేత్తలు బయటపెట్టారు. కథలా సాగే స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చేది అందులోనే. దాన్ని పట్టుకోవాలంటే మెదడు తరంగాలు, కళ్ల కదలిక, గడ్డం కండరం సడలడం, మూడూ కావాలి. అందుకే ఫోన్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘తలకి వైర్లు పెడతారా?’ ‘అన్నీ ఒకటే సార్, అందులో అన్నీ వస్తాయి’ అన్నారంటే వేరే చోటు చూసుకోండి. తలకి వైర్లు పెట్టి ఇంట్లోనే చేసేది లెవెల్ 2. టెక్నీషియన్, వీడియో కెమెరా ఉండేది లెవెల్ 1.

ఆ రోజు తలస్నానం చేసి, కొబ్బరినూనె, కండిషనర్ లేకుండా వెళ్లాలి. నూనె తలకి వైర్లు అతికించే పేస్టు అంటుకోదు. అర్ధరాత్రి ఒక వైరు ఊడితే టెక్నీషియన్ లేపుతాడు, నిద్ర చెడుతుంది. జడ వదులుగా, మెడ కిందికి వేసుకోండి. ఒక్క వేలికైనా నెయిల్ పాలిష్ తీసేయండి. పొద్దున ఆ పేస్టు వేణ్నీళ్లతో, షాంపూతో వదులుతుంది.

లైటు తీసేముందు ‘కళ్లు అటూ ఇటూ తిప్పండి, రెప్పలు కొట్టండి, పళ్లు బిగించండి, పాదం పైకి వంచండి’ అని చేయించి, తెర మీద గీతలు కదులుతున్నాయో లేదో చూడాలి. రెండు నిమిషాల పని. ఇది ఎగ్గొట్టే చోట గడ్డం వైరు వదులైనా ఎవరికీ తెలియదు, దాంతో రెమ్ లెక్క నమ్మకానికి పనికిరాదు. సెంటర్ మంచిదో కాదో ఇక్కడే చెప్పేయవచ్చు.

రెమ్ సుమారు 90 నిమిషాలకోసారి వస్తుంది. పెద్దవాళ్లలో మొత్తం నిద్రలో 20–25 శాతం ఉంటుంది, అందులో పెద్ద వాటా తెల్లవారుజామునే. కాబట్టి ‘ఐదింటికల్లా రూమ్ ఖాళీ చేయాలి’ అనే చోట మీకు కావాల్సిన భాగమే పోతుంది. హైటెక్ సిటీలో నైట్ షిఫ్టు చేసేవాళ్లను రాత్రి పదింటికి పడుకోబెట్టినా లాభం లేదు. రోజూ పడుకునే వేళకే రికార్డు చేయమని పట్టుబట్టాలి.

ఇంతా చేసి, ఆ రాత్రి వచ్చిన కలకి పెద్ద విలువ లేదు. కొత్త చోట మొదటి రాత్రి రెమ్ తగ్గుతుంది, ఆలస్యంగా మొదలవుతుంది. పైగా ల్యాబే కలలోకి వచ్చేస్తుంది. 1958లో డిమెంట్, వోల్పర్ట్ అనే పరిశోధకులు నిద్రపోతున్నవాళ్ల మీద నీళ్లు చిలకరించి లేపితే, 42 శాతం సందర్భాల్లో అది కలలో కనిపించింది. ఏసీ గాలి నేరుగా మొహానికి కొడుతుంటే ఏ కల వస్తుందో మరి!

పగటి సంగతులు కలలోకి ఎలా దిగుతున్నాయో ఈ పరీక్ష చెప్పదు. జరిగింది జరిగినట్టు కలలో రావడం చాలా అరుదు. 2003లో ఫాసీ పరిశోధక బృందం పరిశీలించిన కలల్లో అలాంటివి 1–2 శాతమే. ముక్కలొస్తాయి: ఆఫీసు మేనేజరు అమ్మమ్మగారి ఊరి అరుగు మీద కూర్చుని ఉంటాడు. ఆ రెంటినీ కలిపేది చాలాసార్లు భయమో సిగ్గో, ఏదో ఒక ఉద్వేగం. రెమ్‌లో మెదడులో ఉద్వేగాలు చూసే అమిగ్డలా అనే భాగం చురుగ్గా ఉంటుంది, తర్కం చూసే ముందు భాగం మందగిస్తుంది, అందుకే ఆ విడ్డూరం అప్పుడు మామూలుగా తోస్తుంది. పగటి సంగతి మర్నాడో, రెండో రాత్రో కనిపించి, మళ్లీ ఐదు నుంచి ఏడు రోజులకు తలెత్తడం పరిశోధకులు గమనించారు.

దీనికి పది రూపాయల నోటుబుక్కు చాలు. రెండు వారాలు రాయండి. ఎడమ పేజీలో పడుకునేముందు మూడు లైన్లు: ఏం జరిగింది, ఎవరితో, ఎంత బాధ లేదా భయం (0 నుంచి 10). కుడి పేజీలో కల, మెలకువ రాగానే, ఫోన్ ముట్టుకోకముందే. కదిలితే సగం పోతుంది. తర్వాత కలని నిన్నటి పేజీతోనే కాదు, పోయిన వారం పేజీతో కూడా పోల్చండి. స్లీప్ స్టడీ చేయించమని రాసిచ్చేముందు ఈ పుస్తకం, మీ మందుల చీటీ అడిగే డాక్టరు దొరికితే వదలకండి. కొన్ని డిప్రెషన్ మందులు రెమ్‌ని అణచిపెడతాయి, ఠక్కున ఆపితే కలలు ఉప్పెనలా వస్తాయి. ప్రొప్రనొలాల్ లాంటి బీపీ మందులతో పీడకలలు రావచ్చు. సొంతంగా మాత్రం ఏదీ ఆపకండి.

ఒకే పీడకల పదేపదే వస్తుంటే ముందు సైకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. పగటిపూట ఆ కల ముగింపు మార్చి రాసుకుని, రోజూ పది ఇరవై నిమిషాలు మనసులో నడిపించే పద్ధతి ఉంది. యాభై దాటినవాళ్లు కలలో కొట్లాడుతూ నిజంగానే తన్నుతున్నా, మంచం మీంచి పడుతున్నా లెవెల్ 1 తప్పనిసరి, వీడియోతో, చేతులకు కూడా వైర్లతో. కొందరిలో ఇది పార్కిన్‌సన్స్‌ (వణుకు జబ్బు)కు ఏళ్ల ముందే కనిపించే సూచన. రిపోర్టులో రెమ్‌లో కండరం సడలిందా లేదా అన్నది రాసి ఉండాలి. ఊపిరి ఆగిన లెక్క, నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీప్యాప్ మెషిన్ ధర మాత్రమే ఉన్న ఒక్క కాగితం చేతిలో పెడితే, రాత్రంతా నిద్ర దశలు చూపించే గ్రాఫు పేజీ అడిగి తీసుకోండి.