డేటాషీట్‌లో ‘రేడియస్’ అని ఉందని స్విచ్‌లు కొనేయకండి

మా ఆఫీసులో కంప్యూటర్లను నెట్‌వర్క్‌కి కలిపే స్విచ్‌లన్నిటికీ ఒకటే అడ్మిన్ పాస్‌వర్డ్. ఆరుగురికి తెలుసు. వాళ్లలో ఒకబ్బాయి ఉద్యోగం మానేసిన రోజు సాయంత్రం ఒక్కో స్విచ్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చుకుంటూ కూర్చున్నాను. ఇలా లాభం లేదు, రేడియస్ సర్వర్ (అందరి ఐడీలూ ఒకేచోట ఉంచి సరిచూసేది) పెడితే ఎవరి ఐడీతో వాళ్లు లాగిన్ అవుతారనుకున్నాం. పాత స్విచ్‌లు ఎలాగూ మార్చాలి. డీలర్‌ని అడిగితే ‘రేడియస్ ఉంది సార్, డేటాషీట్ చూడండి’ అన్నాడు. చూశాను, ఉంది. ఎనిమిది కొన్నాం.

ఉబుంటు మీద ఫ్రీరేడియస్ అనే ఉచిత రేడియస్ సర్వర్ వేశాను. స్విచ్‌లో సర్వర్ ఐపీ, పోర్టు 1812, షేర్డ్ సీక్రెట్ (స్విచ్‌కీ సర్వర్‌కీ మధ్య ఉండే రహస్య పదం) ఇచ్చాను. నా ఐడీతో లాగిన్ కొడితే పాస్‌వర్డ్ తప్పంటుంది. సీక్రెట్ మూడుసార్లు మళ్లీ కొట్టాను, ఫైర్‌వాల్ చూశాను. చివరికి సర్వర్‌ను డీబగ్‌లో నడిపి, పక్కన వచ్చే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ పెట్టుకుని కూర్చున్నా. ఒక్క ప్యాకెట్ కూడా రాలేదు. సీక్రెట్ తప్పయినా ప్యాకెట్ రావాలి కదా! అదే స్విచ్‌లో కేబుల్ తగిలించే ఒక పోర్టుకి 802.1ఎక్స్ (తగిలించినవాళ్లు ఎవరో అడిగే పద్ధతి) ఆన్ చేసి ల్యాప్‌టాప్ తగిలించగానే తెర నిండా లైన్లు పరుగెత్తాయి.

అప్పుడు అర్థమైంది. ఈ మోడల్‌లో రేడియస్ ఉన్నది పోర్టుకి తగిలించిన కంప్యూటర్‌ను నెట్‌వర్క్‌లోకి రానివ్వాలా వద్దా అని అడగడానికే. స్విచ్‌లోకి లాగిన్ అయ్యే మనకు మాత్రం దాన్లో ఉన్న లోకల్ యూజర్లే దిక్కు. డేటాషీట్ అబద్ధం చెప్పలేదు, ఒళ్లు మండేది అందుకే. డీలర్‌కి ఫోన్ చేస్తే ‘సీల్ తీశాక వాపసు లేదు సార్, పై మోడల్ తీసుకోండి’ అన్నాడు.

మీరు కొనేముందు అడగాల్సిన మాట ‘రేడియస్ ఉందా’ అని కాదు, ‘ఎస్‌ఎస్‌హెచ్, వెబ్, కన్సోల్ లాగిన్‌లు రేడియస్‌తో అవుతాయా’ అని. ఈ మూడూ స్విచ్‌లోకి వెళ్లే దారులు: దూరం నుంచి కమాండ్లతో, బ్రౌజర్‌లో, నేరుగా కేబుల్ పెట్టి. జవాబు మెయిల్‌లో తీసుకోండి. ఎవరు ఏ కమాండ్ కొట్టారో కూడా కావాలంటే రేడియస్ లాంటిదే ఇంకొకటి, టాకాక్స్ ప్లస్ అడగండి, అది టీసీపీ పోర్టు 49 మీద నడుస్తుంది. చవక మోడళ్లలో అరుదు.

వీలైతే ఒక్క స్విచ్ తెప్పించి డెమో చూడండి. ముందు రేడియస్ ఐడీతో లాగిన్ అవ్వండి. లోపలికి వెళ్లినా సెట్టింగులు మార్చనివ్వకపోతే, సర్వర్ నుంచి అడ్మిన్ హక్కు వెళ్లట్లేదేమో చూడండి. ఆ తర్వాత సర్వర్ కేబుల్ పీకేసి లోకల్ ఐడీతో ప్రయత్నించండి. ఈ రెండోది చాలామంది చూడరు. లోకల్ ఫాల్‌బ్యాక్ (సర్వర్ లేనప్పుడు లోకల్ ఐడీతో వెళ్లే ఏర్పాటు) పెట్టకుండా సర్వర్ పడిపోయి మళ్లీ లేవకపోతే, స్విచ్ మీద సన్నటి రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ కొట్టడమే మిగులుతుంది, వీలాన్ (నెట్‌వర్క్‌ను భాగాలుగా విడదీసే) సెట్టింగులన్నీ పోతాయి. ఇంకో సంగతి: చాలా స్విచ్‌లలో సర్వర్ పలకకపోతేనే లోకల్ ఐడీ పనిచేస్తుంది, సర్వర్ బతికుండి ‘కాదు’ అంటే పనిచేయదు.

మా ఎనిమిదీ ర్యాకుల్లోనే ఉన్నాయి. పోయిన వారం ఇంకొకాయన నోటీసు ఇచ్చాడు. మళ్లీ ఎనిమిదిసార్లు లాగిన్ అవ్వాలి.