సీహెచ్340జీ యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్: కొనొచ్చు, కాకపోతే రెండు తీగలు మీరే వేసుకోవాలి

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా చవకలో ముందు చేతికొచ్చేది ఈ అడాప్టరే. కంప్యూటర్ యూఎస్‌బీకీ, ఆర్డ్యునో లాంటి మైక్రోకంట్రోలర్ బోర్డుల సీరియల్ పిన్నులకూ మధ్య మాటలు మోసేది ఇది. వంద రూపాయలకు కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది. ఒక చివర యూఎస్‌బీ ప్లగ్గు, మధ్యలో 16 కాళ్ల సీహెచ్340జీ చిప్, దాని పక్కన వెండిరంగు 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, రెండో చివర ఆరు పిన్నులు: 5వీ, వీసీసీ (కరెంటు లైను), 3వీ3 (3.3 వోల్టులు), టీఎక్స్‌డీ (డేటా పంపేది), ఆర్‌ఎక్స్‌డీ (డేటా అందుకునేది), జీఎన్‌డీ (గ్రౌండ్). మొదటి మూడింట్లో రెండిటిని కలుపుతూ ఒక జంపర్.

సీరియల్ మానిటర్‌లో అక్షరాలు చూసుకోవడానికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. కోడ్ ఎక్కించబోతేనే చిక్కు. మైక్రోకంట్రోలర్‌ను రీసెట్ చేసే డీటీఆర్, ఆర్‌టీఎస్ సిగ్నళ్లు రెండూ చిప్‌లో ఉన్నాయి కానీ, బోర్డు తయారుచేసినవాళ్లు వాటిని పిన్నులదాకా తేలేదు. అందుకే సొంత యూఎస్‌బీ లేని చిన్న బోర్డు ఆర్డ్యునో ప్రో మినీకి దీంతో అప్‌లోడ్ కొడితే 'ప్రోగ్రామర్ ఈజ్ నాట్ రెస్పాండింగ్' అని ఎర్రక్షరాలు పడతాయి. చాలామంది అడాప్టర్ పాడైందనుకుని పక్కన పడేస్తారు. నిజానికి కొత్త కోడ్‌ను అందుకునే చిన్న ప్రోగ్రాం, అంటే బూట్‌లోడర్, మేలుకుని వినేది రీసెట్ అయిన తర్వాత కాసేపే. సరిగ్గా అప్‌లోడ్ వేళకు రీసెట్ చేసేవాళ్లు లేకపోవడమే జబ్బు.

సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ముందు అడాప్టర్ బాగుందో లేదో తేల్చుకోవాలి. టీఎక్స్‌డీ, ఆర్‌ఎక్స్‌డీ పిన్నులను ఒక జంపర్ వైరుతో కలిపి, బోర్డుకు ఇంకేమీ తగిలించకుండా, ఏదైనా సీరియల్ టెర్మినల్ తెరిచి నాలుగక్షరాలు కొట్టండి. కొట్టినవి కొట్టినట్టు వెనక్కొస్తే చిప్పూ, డ్రైవరూ, పోర్టూ మూడూ బాగున్నట్టే. ఇక తప్పు వైరింగ్‌లోనో రీసెట్‌లోనో ఉంటుంది. ఈ బోర్డు టీఎక్స్‌డీ అవతలి బోర్డు ఆర్‌ఎక్స్‌కు, దీని ఆర్‌ఎక్స్‌డీ అవతలి టీఎక్స్‌కు వెళ్లాలి. గ్రౌండ్ వైరు మరిచిపోతే చెత్త అక్షరాలు వస్తాయి, లేదా అసలేమీ రావు. అయితే వైఫై చిప్ అయిన ఈఎస్‌పీ8266 ఆన్ కాగానే వచ్చే చెత్త మాత్రం తప్పు కాదు. దాని బూట్ సందేశాలు 74880 బాడ్‌లో వస్తాయి, వేగం మార్చి చూడండి.

కంప్యూటర్ అసలు గుర్తుపట్టకపోతే మల్టీమీటర్ తీయాలి. ముందు యూఎస్‌బీ నుంచి 5 వోల్టులు బోర్డు మీదికి వస్తున్నాయా, తర్వాత చిప్ 4వ కాలి దగ్గర (చుక్క ఉన్న మూల నుంచి నాలుగోది), అంటే వీ3 దగ్గర, 3.3 వోల్టులు ఉన్నాయా చూడండి. రెండూ ఉండి విండోస్ 'కోడ్ 43' అంటుంటే క్రిస్టల్‌ను అనుమానించాలి. సీహెచ్340జీకి బయటి క్రిస్టల్ లేకుండా ప్రాణం లేదు. కింద పడ్డ బోర్డుల్లో దాని టంకం విడిపోతుంది. రెండు కాళ్లకూ ఫ్లక్స్ (టంకం బాగా అంటుకునేలా చేసే పేస్టు) రాసి మళ్లీ వేడి చేస్తే చాలాసార్లు లేస్తుంది.

లినక్స్‌లో చిప్ 1ఎ86:7523 అనే గుర్తుతో కనిపిస్తుంది, డ్రైవర్ విడిగా అక్కర్లేదు. ఉబుంటు 22.04లో మాత్రం పోర్టు కనిపించినట్టే కనిపించి మాయమవుతుంది. బ్రెయిల్ పరికరాల కోసం ఉన్న బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్యాకేజీ ఇదే గుర్తును చూసి తనదనుకుని లాక్కుంటుంది. బ్రెయిల్ డిస్‌ప్లే వాడనివాళ్లు ఆ ప్యాకేజీ తీసేస్తే సరిపోతుంది. 'పర్మిషన్ డినైడ్' అంటే మీ యూజర్‌ను డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌటై మళ్లీ లాగిన్ కావాలి. విండోస్‌లో 2023 నాటి కొత్త డ్రైవర్లతో కొన్ని చిప్‌లు పేచీ పెడతాయి. పోర్టు కనిపిస్తుంది, అప్‌లోడ్ దగ్గర 'కాంట్ సెట్ కామ్ స్టేట్' అంటుంది. డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి 2019 నాటి 3.5 వెర్షన్‌కు వెనక్కి తీసుకెళ్తే దారికొస్తుంది.

జంపర్ విషయంలో ఈ బోర్డును గుడ్డిగా నమ్మకూడదు. వీసీసీ–3వీ3 మీద పెడితే 3.3 వోల్టుల లాజిక్ (సిగ్నల్ వోల్టేజీ), వీసీసీ–5వీ మీద పెడితే 5 వోల్టుల లాజిక్ అని అమ్మేవాళ్లు చెప్తారు. ఒకేలా కనిపించే బోర్డుల్లో లోపలి వైరింగ్ ఒకేలా ఉండాలని లేదు. జంపర్ 3వీ3 వైపు పెట్టి, ఏ డేటా పంపకుండా, టీఎక్స్‌డీకీ జీఎన్‌డీకీ మధ్య వోల్టేజీ కొలవండి. 3.3 దగ్గర చూపిస్తే నిశ్చింత. 5కు దగ్గరగా చూపిస్తే 3.3 వోల్టుల మీద నడిచే ఈఎస్‌పీ చిప్‌లకు నేరుగా తగిలించొద్దు. టీఎక్స్‌డీ నుంచి 1 కిలోఓమ్, ఆ తర్వాత గ్రౌండ్‌కు 2 కిలోఓమ్‌లు పెట్టి, మధ్య నుంచి తీసుకుంటే 3.3 వోల్టులే వెళ్తాయి.

ఇంకో మాట: 3వీ3 పిన్ను ఉంది కదా అని ఈఎస్‌పీ32కి (ఇదీ వైఫై చిప్పే) అక్కణ్నుంచి కరెంటు ఇవ్వకండి. అది చిప్ లోపలి చిన్న రెగ్యులేటర్ నుంచి వచ్చేది. ఈఎస్‌పీ32కి కనీసం 500 మిల్లీయాంపులు ఇవ్వగల సప్లై ఉండాలని దాన్ని తయారుచేసే ఎస్‌ప్రెసిఫ్ చెప్తుంది. వైఫై ఆన్ అయిన క్షణంలో వోల్టేజీ పడిపోయి బోర్డు మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంటే కారణం కోడ్‌లో కాదు, ఇక్కడ వెతకాలి. వేరే 3.3 వోల్టుల సప్లై పెట్టి, గ్రౌండ్ మాత్రం కలపండి.

ఇప్పుడు అసలు మార్పు. చిప్ మీద చుక్క ఉన్న మూల 1వ కాలు, సరిగ్గా దానికి ఎదురుగా ఉన్నది 16వది. ఆ వరసలో 16 నుంచి లెక్కపెడితే మూడోది 14, అంటే ఆర్‌టీఎస్. నాలుగోది 13, అంటే డీటీఆర్. కాళ్ల మధ్య దూరం 1.27 మిల్లీమీటర్లు, సన్నమొన ఐరన్‌తో చేత్తో చేయగలిగినంత ఉంది. 30 గేజ్ వైరు కొనను 2 మిల్లీమీటర్లే ఒలిచి ముందుగానే టంకం పట్టించండి. కాలికి ఫ్లక్స్ రాసి, వైరు ఆనించి, ఐరన్‌ను దాదాపు 320 డిగ్రీల దగ్గర ఒక్క సెకను తాకిస్తే అంటుకుంటుంది. కొత్త టంకం పోయక్కర్లేదు, పోస్తే పక్కకాలికి వంతెన పడుతుంది. అయ్యాక 12, 13, 14 కాళ్ల మధ్య షార్ట్ లేదని మల్టీమీటర్‌తో చూసుకుని, వైరును బోర్డుకు ఒక బొట్టు హాట్ గ్లూతో కట్టేయండి. ఈ గ్లూ దండగనుకోవద్దు. వైరు లాగితే ముందు లేచొచ్చేది చిప్ కాలే.

ప్రో మినీకైతే ఈ డీటీఆర్ వైరు నేరుగా దాని డీటీఆర్ పిన్నుకే. రీసెట్ పల్స్‌కు కావాల్సిన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ప్రో మినీ మీదే ఉంది. జాగ్రత్త కోసమని మీరింకోటి పెడితే రెండూ సిరీస్‌లో పడి విలువ సగమవుతుంది, రీసెట్ పల్స్ బలహీనపడుతుంది. బ్రెడ్‌బోర్డు మీది విడి ఏటీమెగా328పీకి (ఆర్డ్యునోల్లో వాడే చిప్) మాత్రం మీరే పెట్టాలి: డీటీఆర్‌కూ రీసెట్ కాలికీ మధ్య 0.1 మైక్రోఫారడ్, రీసెట్ నుంచి వీసీసీకి 10 కిలోఓమ్‌లు. కెపాసిటర్ లేకుండా కలిపితే, పోర్టు తెరిచి ఉన్నంతసేపూ డీటీఆర్ కిందే (సున్నా వోల్టుల దగ్గరే) ఉంటుంది, చిప్ రీసెట్‌లోనే పడి ఉంటుంది.

ఈఎస్‌పీ32కి, ఈఎస్‌పీ8266కి రెండు వైర్లూ కావాలి. ఆర్‌టీఎస్‌ను ఈఎన్‌కు (కిందికి లాగితే చిప్‌ను ఆపే పిన్ను), డీటీఆర్‌ను జీపీఐఓ0కు (రీసెట్ వేళ కింద ఉంటే అప్‌లోడ్‌కు సిద్ధం చేసే పిన్ను) నేరుగా కలిపేవాళ్లున్నారు. అప్‌లోడ్ అవుతుంది కానీ, రెండు లైన్లనూ కిందికి లాగే మామూలు టెర్మినల్ తెరిస్తే బోర్డు మొద్దుబారి కూర్చుంటుంది. దీనికి మందు రెండు బీసీ547 ట్రాన్సిస్టర్లు, రెండు 10 కిలోఓమ్ రెసిస్టర్లు. మొదటిదాని బేస్‌కు రెసిస్టర్ ద్వారా డీటీఆర్, ఎమిటర్‌కు ఆర్‌టీఎస్, కలెక్టర్‌కు ఈఎన్. రెండోది తలకిందులు: బేస్‌కు రెసిస్టర్ ద్వారా ఆర్‌టీఎస్, ఎమిటర్‌కు డీటీఆర్, కలెక్టర్‌కు జీపీఐఓ0. రెండు లైన్లూ ఒకేలా ఉంటే ఏ ట్రాన్సిస్టరూ పనిచేయదు, బోర్డు దాని పని అది చేసుకుంటుంది. 13, 14 కాళ్ల దగ్గరా వోల్టేజీ ముందే కొలవండి. 5 ఉంటే ఈ లైన్లకూ పైన చెప్పిన 1 కిలోఓమ్–2 కిలోఓమ్ జతలు పెట్టాలి.

ఇంతా చేశాక ఈఎస్‌పీలకు కోడ్ ఎక్కించే ప్రోగ్రాం ఈఎస్‌పీటూల్ 'రాంగ్ బూట్ మోడ్ డిటెక్టెడ్' అంటే సగం గెలిచినట్టే. చిప్ రీసెట్ అయింది, దాని మాట మీకు వినబడింది, జీపీఐఓ0 మాత్రం కిందికి దిగలేదు. రెండో ట్రాన్సిస్టర్ వైపే చూడండి. ఒక్కోసారి రీసెట్ మరీ తొందరగా వదిలేయడం వల్ల కూడా ఇలా అవుతుంది. ఈఎన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 1 నుంచి 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే కుదురుకుంటుంది. చుక్కలు పడుతూ పడుతూ 'టైమ్డ్ ఔట్' అంటే మాత్రం టీఎక్స్, ఆర్‌ఎక్స్ తారుమారయ్యాయేమో మొదట చూడాలి.

ఇంత శ్రమెందుకు, డీటీఆర్ ఉన్నదే కొంటే పోలేదా? పోతుంది. ఇదే పని చేసే ఇంకో చిప్ సీపీ2102 ఉన్న ఆరు పిన్నుల బోర్డు కొంచెం ఎక్కువ ధరకే వస్తుంది. దాని 3.3 వోల్టుల పిన్ను 100 మిల్లీయాంపుల దాకా ఇస్తుంది. ఐరన్ పట్టని వాళ్లకు నా సలహా అదే. కాకపోతే ఆరో పిన్ను మీద 'డీటీఆర్' అని రాసి ఉందో లేదో చూసి కొనండి. పాత రకంలో అక్కడ 'ఆర్‌ఎస్‌టీ' ఉంటుంది. అది సీపీ2102నే రీసెట్ చేసే పిన్ను, మీ ఆర్డ్యునోకు పనికిరాదు. ఆ పాతదాన్ని మార్చుకోవడమూ తేలిక కాదు, కాళ్ల మధ్య దూరం అర మిల్లీమీటరే. ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ ఎఫ్‌టీ232ఆర్‌ఎల్ ఉన్న ఎర్రబోర్డుల్లో డీటీఆర్ ఉంటుంది, కానీ నకిలీ చిప్‌ల బెడద ఉంది. 2014లో ఎఫ్‌టీడీఐ విడుదల చేసిన విండోస్ డ్రైవర్ నకిలీల ఉత్పత్తి గుర్తును సున్నా చేసి, వాటిని కంప్యూటర్ గుర్తుపట్టకుండా చేసింది. ఆ ధర పెట్టి అసలుదో కాదో తేల్చుకోలేని సరుకు కొనడం కంటే ఈ సీహెచ్340జీయే నయం.

డీటీఆర్ వైరు కొనకు విడిగా ఒక ఆడ పిన్ను కనెక్టర్ పెట్టుకోండి. ఆర్డ్యునో రోజుల తరబడి డేటా నమోదు చేస్తున్నప్పుడు, మీరు సీరియల్ మానిటర్ తెరిచిన ప్రతిసారీ డీటీఆర్ దాన్ని రీసెట్ చేసేస్తుంది. అప్‌లోడ్ అయిపోగానే ఆ ఒక్క కనెక్టర్ ఊడదీసి, మిగతావి అలాగే ఉంచేయొచ్చు.