గంధకమా, రోసికైటా: కళాశాల అల్మారాకు ఏది మేలు?

విశాఖపట్నంలో ఒక కళాశాల భూగర్భశాస్త్ర విభాగం గంధకం నమూనా కొనదలిస్తే, ఎవరైనా గుర్తుపట్టే మామూలు పసుపు గంధకం తీసుకోవాలా, గంధకానికే మరో రూపమైన అరుదైన రోసికైట్ కోసం వెతకాలా అన్న ప్రశ్న వస్తుంది. రసాయనికంగా రెండూ ఒకటే. ఎనిమిదేసి పరమాణువులు కిరీటంలా వంగిన వలయాలే రెండింటిలోనూ ఉంటాయి. అవి పేరుకున్న తీరు మాత్రం వేరు. మామూలు గంధకం ఆర్థోరాంబిక్ (స్ఫటికపు మూడు అక్షాలూ ఒకదానికొకటి లంబంగా ఉండే రకం), రోసికైట్ మోనోక్లినిక్ (ఒక అక్షం ఏటవాలుగా ఉండే రకం).

మామూలు గంధకం అగ్నిపర్వతాల ఆవిరి రంధ్రాల దగ్గర, జిప్సం పొరల నడుమ దొరుకుతుంది. సిసిలీ స్ఫటికాలకు ఎంతో పేరుంది. మన అండమాన్‌లోని బారెన్ ద్వీపంలోనూ ఆవిరి రంధ్రాల చుట్టూ అది పేరుకుంటుంది. రోసికైట్‌ను 1930ల తొలినాళ్లలో నేటి చెక్ దేశంలోని మొరేవియాలో లెటోవిత్సె ప్రాంతపు నమూనాల్లో గుర్తించి, చెక్ ఖనిజశాస్త్రవేత్త వోయ్‌త్యెఖ్ రోసిత్స్కీ పేరు పెట్టారు. అమెరికాలోని డెత్ వ్యాలీలో, ఉప్పు పెంకుల లోపల బతికే సూక్ష్మజీవుల నడుమ కూడా అది ఉందని 2002లో ప్రకటించారు.

అరుదైనదే మేలనిపించడం సహజమే గాని, అల్మారాలో పెట్టాక అసలు చిక్కు మొదలవుతుంది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద రోసికైట్ స్థిరమైన రూపం కాదు. పైకి ఆకారం చెక్కుచెదరకపోయినా, లోపల వలయాల అమరిక కాలక్రమేణా మామూలు గంధకపు అమరికగా మారిపోవచ్చు. అప్పుడు చీటీ మీద ఒక ఖనిజం, పెట్టెలో మరొకటి ఉంటాయి, ఆ సంగతి స్ఫటికం లోపలి అమరికను చూపే ఎక్స్‌రే వివర్తన లాంటి పరీక్ష చేస్తే తప్ప తెలియదు. పైగా దాని స్ఫటికాలు చాలా చిన్నవి. వరుసలో నిలబడి చూసే విద్యార్థులకు కనిపించేది ఏమీ ఉండదు.

మామూలు గంధకానికీ జాగ్రత్త కావాలి. అది వేడిని సరిగా ప్రసరింపజేయదు కాబట్టి, అరచేతి వెచ్చదనానికి పైపొర మాత్రమే వ్యాకోచించి, చిటపటమని చిన్న శబ్దం చేస్తూ స్ఫటికం బీటలు వారుతుంది. పట్టకారుతో తీయడం, ఎండ పడే కిటికీకి దూరంగా ఉంచడం చాలు. సముద్రపు తేమకు అది మార్కసైట్ అనే ఇనుము, గంధకాల ఖనిజంలా పొడిబారదు. రిఫైనరీలో ముడిచమురు నుంచి వేరుచేసిన గంధకం చౌకే గాని, ప్రకృతిలో తనంతట ఏర్పడనిది కాబట్టి దాన్ని ఖనిజం అనలేము.

కనుక బోధనకైతే మామూలు గంధకమే కొనాలని నా అభిప్రాయం. దాని పక్కన రోసికైట్ అణువుల అమరిక బొమ్మ ఒకటి ఉంచితే సరిపోతుంది. ఎక్స్‌రే పరికరం అందుబాటులో ఉండి, ఉప్పు పొరల్లో సూక్ష్మజీవుల జాడలు వెతికే పరిశోధకులకైతే మాత్రం రోసికైటే కావాలి. అస్థిరమైన ఆ రూపం ఎలా నిలిచిందన్నదే ఆ జాడల వెతుకులాటలో వారికి ఆధారమవుతుంది.