ఫోల్సమ్ ఆనకట్ట నుంచి శాక్రమెంటో దాకా: డిసెంబరు చలిలో మారథాన్

కాలిఫోర్నియా ఇంటర్నేషనల్ మారథాన్‌కు, మంచి సమయం సాధించడానికి అనువైన పరుగు అని అమెరికా రన్నర్లలో గట్టి పేరుంది. 1983లో మొదలైన ఈ మారథాన్‌ను డిసెంబరు తొలినాళ్లలో ఒక ఆదివారం నిర్వహిస్తారు. ఫోల్సమ్ ఆనకట్ట సమీపంలో బయలుదేరి, శాక్రమెంటో నడిబొడ్డున ఉన్న రాష్ట్ర శాసనసభా భవనం దగ్గర ముగిసే ఈ దారిలో నికరంగా 340 అడుగుల పల్లం ఉంది కాబట్టి, బోస్టన్ మారథాన్‌లో పాల్గొనడానికి కావలసిన అర్హత సమయం కోసం ప్రయత్నించేవారు ప్రత్యేకించి దీన్ని ఎంచుకుంటారు. అయితే ఆ లెక్క మొదటికీ చివరికీ మధ్య ఉన్న తేడానే చెబుతుంది తప్ప, నడుమ ఎక్కవలసిన మిట్టలను చెప్పదు. ఆరు గంటల గడువులో పూర్తిచేస్తే చాలనుకునే నాబోటివారికి ఇది ముమ్మాటికీ ఎత్తుపల్లాల పరుగే.

ఆరంభం ఒక ఊళ్లో, ముగింపు మరో ఊళ్లో కావడం వల్ల ఎక్కడ బస చేయాలన్నదే ఈ ప్రయాణంలో ముందుగా తేల్చుకోవలసిన సంగతి. ఫోల్సమ్‌లో ఉంటే ఉదయం కాస్త ఎక్కువ నిద్ర దక్కుతుంది, తెలుగు కుటుంబాలు చాలా ఉన్న ఊరు కనుక ముందురోజు రాత్రి మన భోజనానికీ కొదవ ఉండదు. కానీ 42 కిలోమీటర్లు పరిగెత్తాక, చెమట ఆరి చలి పట్టుకుంటున్న ఒంటితో గోల్డ్ లైన్ రైలెక్కి అంత దూరం వెనక్కి వెళ్లడం నా దృష్టిలో పెద్ద శిక్ష. అందుకే శాసనసభా భవనానికి నడిచి వెళ్లగలిగే హోటల్‌నే తీసుకున్నాను. పరుగు జరిగే వారాంతంలో అద్దెలు బాగా పెరుగుతాయి. అయినా ముగింపు నుంచి గదికి పది నిమిషాల నడక అన్న ఒక్క సౌకర్యం కోసమే ఆ డబ్బు పెట్టవచ్చు.

ఫ్రీమాంట్ నుంచి క్యాపిటల్ కారిడార్ రైల్లో వచ్చాను. శనివారం కారులో ఆ దారిన రావడం కంటే ఇది హాయి. దిగిన స్టేషన్ నుంచి నగర కేంద్రానికి నడవవచ్చు. రన్నర్లు చొక్కాకు తగిలించుకునే నంబరు చీటీలు పరుగు రోజు ఉదయం ఇవ్వరు కాబట్టి, వాటిని పంచే కన్వెన్షన్ సెంటర్‌లోని ఎక్స్‌పోకు (పరుగు సామగ్రి ప్రదర్శనకు) శనివారం సాయంత్రం లోపు చేరుకోవలసిందే. అక్కడ నంబరు, చొక్కా చేతికి రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. అంగళ్ల మధ్య నుంచి బయటపడడానికే పట్టింది. హోటల్‌పై మాత్రం నాకు ఫిర్యాదు ఉంది. ఊరంతా రన్నర్లతో నిండిన రోజున కూడా అల్పాహారం ఏడింటికే పెడతామన్నారు, అంటే సరిగ్గా పరుగు మొదలయ్యే వేళకు. వెంట తెచ్చుకున్న డబ్బాలోని పెరుగన్నం, ఒక అరటిపండు ఆ పూట ఆదుకున్నాయి.

సేవల్లో అన్నిటికంటే మెచ్చుకోదగ్గది బస్సుల ఏర్పాటు. ఇంకా చీకటిగా ఉండగానే పసుపురంగు స్కూలు బస్సులు రన్నర్లను ఎక్కించుకుని ఆనకట్ట వైపు బయలుదేరతాయి. చేరాక వెంటనే దించేయకుండా, ఆరంభ సమయం దగ్గరపడే దాకా లోపలే కూర్చోనిస్తారు. కిటికీ అద్దాలన్నీ ఊపిరి ఆవిరితో మసకబారాయి. నా పక్కనున్నామె చేతితొడుగులు తీయకుండానే పళ్లతో శక్తి కోసం తినే జెల్ పొట్లం చించుకుంటోంది. 2013లో ఇదే పరుగు గడ్డకట్టే చలిలో జరిగింది, అంతకుముందు ఏడాది గాలివానలో జరిగింది. అలాంటి ఉదయాల్లో ఈ వెచ్చని బస్సు విలువ ఎంతో వేరే చెప్పనక్కర్లేదు. వరుసలుగా నిలిపిన మరుగుదొడ్లు కూడా సరిపడా ఉన్నాయి, ఇది చిన్న విషయం కాదు.

ఓక్ అవెన్యూ మీద పరుగు పల్లంతో మొదలవుతుంది, వెంటనే మిట్ట వస్తుంది. ఫెయిర్ ఓక్స్ బులవార్డ్ మీదికి తిరిగాక కూడా అదే వరస. ఏ మిట్టా ఊపిరి ఆడనంత నిటారుగా ఉండదు. వాటి మధ్య చదును నేల దొరకకపోవడమే అసలు ఇబ్బంది. కోళ్లు వీధుల్లో యథేచ్ఛగా తిరిగే ఊరుగా పేరుపడ్డ పాత ఫెయిర్ ఓక్స్ దగ్గర జనం గంటలు మోగిస్తూ అరిచిన అరుపులకు కాళ్లు వాటంతటవే వేగం పుంజుకుంటాయి, అక్కడ తమాయించుకోవాలి. ఎక్కేటప్పటి ఆయాసం పైకి చేరగానే తీరిపోతుంది గానీ, దిగేటప్పుడు ప్రతి అడుగుకూ ఒంటి బరువును ఆపవలసిన తొడ ముందు కండరాల అలసట మాత్రం పేరుకుపోయి, ఇరవయ్యో మైలు దగ్గర బయటపడుతుంది. ఈ పరుగుకు సిద్ధమయ్యేవారు ఎక్కడంతో సమానంగా దిగడం కూడా సాధన చేయాలని నా గట్టి అభిప్రాయం.

కార్మైకేల్ దాటాక నీళ్ల బల్ల దగ్గర గ్లాసు అందించిన ఒక అబ్బాయి నా చొక్కా మీది తెలుగు అక్షరాలు చూసి, “అక్కా, వంతెన దాటితే ఇక మిట్టల్లేవు, మెల్లగా వెళ్లిపోండి” అన్నాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. ఇరవై రెండో మైలు ప్రాంతంలో అమెరికన్ నది మీది వంతెన ఎక్కి దిగితే మిగిలిందంతా చదునే. అక్కడి నుంచి అడ్డువీధుల నంబర్లు యాభైల నుంచి ఒక్కొక్కటే తగ్గుతూ వస్తాయి. మైళ్లు లెక్కపెట్టే ఓపిక లేనప్పుడు ఈ వీధుల లెక్క బాగా పనికొచ్చింది, నలభైల దగ్గర కొంత దూరం నడవవలసి వచ్చినా.

ముగింపు దగ్గర పతకం, రేకు దుప్పటి వెంటనే ఇచ్చారు. ఆరంభంలో అప్పగించిన బట్టల సంచీ వెతుక్కునే పని లేకుండా దొరికింది. పన్నెండు దాటే దాకా పరిగెత్తేవారు హోటల్ ఖాళీ చేసే గడువు గురించి గది తీసుకునేటప్పుడే మాట్లాడుకోవడం అవసరం. మా హోటల్‌లో గడువు పదకొండు గంటలే కావడంతో, ఒంటిగంట దాకా ఉండడానికి అదనంగా చెల్లించాను, వేడినీళ్ల స్నానం కోసం అది తప్పలేదు. కుటుంబంతో వచ్చేవారికి స్టేషన్ పక్కనే ఉన్న ఓల్డ్ శాక్రమెంటోలోని రైల్వే మ్యూజియం మంచి కాలక్షేపం. దాన్ని శనివారమే చూసేయడం మేలు, ఆదివారం మధ్యాహ్నానికి అక్కడి చెక్క కాలిబాటల మెట్లు ఎక్కి దిగే స్థితిలో రన్నర్ ఉండరు.